అమ్మడు ఆపమంది

అప్లికేషన్‌లో వృత్తి అన్నచోట క్లబ్బు గుమస్తా 'గృహిణి' అని రాయబోతే అమ్మడు కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"సేపల యాపారం అని రాయి బాబూ. ఇరవై ఏళ్ల నుంచి సేస్తన్నాను."

కళింగపట్నం నుంచి శ్రీకాకుళం వచ్చి ఇంటింటికీ చేపలమ్మే అమ్మడుకి నలభై రెండేళ్లు. పిస్టల్ క్లబ్బు నడిపే సూరయ్య మాస్టారు, మాజీ హవల్దారు, ఆమె దగ్గరే చేపలు కొంటాడు. ఒక ఆదివారం చేపలివ్వడానికి క్లబ్బుకి వెళ్లిన అమ్మడు, ఆడపిల్లలు చెయ్యి చాచి గురిపెట్టడం చూసి, తట్ట దించడం కూడా మరిచిపోయి నిలబడిపోయింది. మరుసటి వారం క్లబ్బులో చేరడానికి ఆధార్ కార్డు పట్టుకొచ్చింది.

మొగుడు గంగులు వల బాగుచేసుకుంటూ ముఖం చిట్లించాడు. "తుపాకీ ఏటే నీకు? ఎవుల్ని కాలుస్తావు?"

"కాయితాన్ని కాలుస్తాను మావా. నీకేటి బయం?"

అవి గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండు పేల్చే పిస్టళ్లు. అయినా మొదటి మూడు ఆదివారాలూ సూరయ్య గుండు ముట్టనివ్వలేదు. ఖాళీదని ఎవరు చెప్పినా గుండు ఉన్నట్టే పట్టుకోవాలి. పిస్టల్ గొట్టం గురి బోర్డు వైపే ఉండాలి. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు. ప్రమాదం కనబడితే ఎవరైనా 'ఆపు' అని అరవచ్చు. అరిస్తే అందరూ ఆపాల్సిందే. అమ్మడు ఇవన్నీ బస్సులో పెదాలు కదుపుతూ వల్లె వేసేది.

నాలుగో ఆదివారం ఈ నియమాల మీద పరీక్ష. పక్క వరసలో తిరుమలరావు ఉన్నాడు. రైస్ మిల్లు యజమాని. క్లబ్బు నడుస్తున్న షెడ్డు ఆయనదే. ఆయనా కొత్తగా చేరినవాడే. వెనక నుంచి స్నేహితుడు ఫొటో తీస్తానని పిలిస్తే, పిస్టల్‌తో సహా అటు తిరిగాడు. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. గొట్టం యమున అనే కాలేజీ అమ్మాయి ముఖం మీదుగా పోయింది.

"ఆపు!" అమ్మడు గొంతు షెడ్డంతా మోగింది. అందరూ పిస్టళ్లు కింద పెట్టారు.

సూరయ్య వచ్చి తిరుమలరావు పిస్టల్ తెరిచి చూశాడు. ఖాళీగానే ఉంది.

తిరుమలరావు మొహం కందగడ్డైంది. "గుండే లేదు. అనవసరంగా నలుగురిలో నా పరువు తీసింది. సారీ చెప్పమనండి."

సూరయ్య అమ్మడు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఒక్క మాట అనేసీ అమ్మడూ. షెడ్డు ఆయనది."

అమ్మడు తల అడ్డంగా ఊపింది. "సెప్పను మాస్టారూ. కాళీదని ఇప్పుడు కదా తెలిసింది. ఆ గుంట మొకం మీదికి తిప్పినప్పుడు ఈ బాబుకీ తెలీదు. నువ్వు నేర్పిందే సేసినాను. తప్పైతే నేర్పింది తప్పని సెప్పు."

సూరయ్య రిజిస్టరు తెరిచి, తిరుమలరావు మళ్లీ మొదటి వారం నుంచి రావాలని రాశాడు. ఆ కిందే అమ్మడు పరీక్ష నెగ్గిందని రాసి సంతకం పెట్టాడు.

మర్నాడే షెడ్డుకి తాళం పడింది. పిస్టళ్లు మాత్రం ఎప్పటిలాగే సూరయ్య ఇంట్లో ఉన్నాయి.

ఆ సంగతి విని అమ్మడు సూరయ్యని కళింగపట్నం తీసుకెళ్లి తన ఎండుచేపల రేకుల షెడ్డు చూపించింది. సూరయ్య టేపుతో కొలిచాడు. కావలసిన పది మీటర్ల పొడవూ ఉంది, ఇంకా కాస్త మిగిలింది. గంగులు గొణుక్కుంటూనే గుండ్లు ఆగేలా చివరి గోడకి మందపాటి చెక్కలు కొట్టాడు. ఆదివారం యమున చున్నీతో ముక్కు మూసుకుని వచ్చింది. మిగతావాళ్లూ ఒకరి వెంట ఒకరు వచ్చారు.

నెల తర్వాత తిరుమలరావు కబురు పంపాడు. ఆ చేపల మనిషిని తీసేస్తే తాళం తీస్తాడట. సూరయ్య ఆ మాట దాచకుండా అందరి ముందూ చెప్పాడు. ఎవరూ తమ వరస వదిలి కదల్లేదు.

అమ్మడు పిస్టల్ కింద పెట్టి, గుండు లేదని రెండుసార్లు చూసుకుని, అప్పుడు తలెత్తింది.

"తాళం ఆయన కాడే ఉంచుకోమను మాస్టారూ. నేర్సుకోవాలని ఉంటే ఇక్కడికే రమ్మను. మొదటి వారం పాఠం నాను సెప్తాను."