నాగమల్లేశ్వరి ముక్కుపుడక

కంకిపాడు దగ్గర ఆ ఊళ్లో పొద్దున్నే గ్రైండర్ వేసేముందు ఆడవాళ్లు ఒకసారి వీధిలోకి తొంగిచూస్తారు. ఆ వేళకి నాగమల్లేశ్వరి బకెట్టూ, పొడుగు కర్ర బ్రష్షూ పట్టుకుని సోలార్ ప్లాంటుకి వెళ్తూంటుంది, పలకల మీద కొంగల రెట్టలు కడగడానికి. ఆవిడ ముక్కుపుడక తళతళలాడుతుంటే నిశ్చింతగా పప్పు రుబ్బుకోవచ్చు. మసకేసిందా, పది నిమిషాల్లో కరెంటు పోతుంది.

"ఎలా ఉందే మల్లీ ఇవాళ?" అంటుంది ఎదురింటి వదిన.

"నా ముక్కు నాకేం కనపడుద్ది వదినా, నువ్వే చూసి చెప్పు!"

ఆవిడ మొగుడు గంగాధర్ లైన్‌మన్. ఆరేళ్ల కిందట గాలివానలో తెగిన తీగ కలుపుతూ స్తంభం మీదే పోయాడు. పదోరోజున గాజులు తీశారు, మెట్టెలు తీశారు. పుడక తీయగానే ఊరంతా కరెంటు పోయింది. పెట్టగానే ఫ్యాన్లు తిరిగాయి. మళ్లీ తీసి చూశారు, మళ్లీ అంతే. "సరేలెండి, ఉండనివ్వండి, ఎండాకాలం కూడాను" అన్నారు పెద్దలు. ఆ తర్వాత ఎవరూ దాని జోలికి పోలేదు.

ఇప్పుడదే ప్రాణం మీదికొచ్చింది. ఆర్నెల్లుగా ఆవిడకి తలపోటు. బెజవాడ డాక్టరు స్కానింగ్ రాసి, ఒంటిమీద లోహమన్నది ఉండకూడదన్నాడు. ఆలస్యం చేయొద్దని కూడా అన్నాడు. స్కానింగ్‌కి ముప్పావుగంట పడుతుంది. పక్కింటి లక్ష్మీనరసమ్మ ఆక్సిజన్ మిషను మీద బతుకుతోంది. కరెంటు లేకపోతే దాని బ్యాటరీ పావుగంటకి మించి ఆగదు.

"నా తలపోటు కోసం ఆవిడ ఊపిరి ఆపమంటావా?" అని వదిన మీద కసిరి, మల్లేశ్వరి స్కానింగ్ తేదీలు రెండు వదిలేసింది. మాత్రలు మింగి పనికి పోయేది. పిచ్చి మనిషి!

ప్లాంటు ఇంజినీరు ఉష. ఇరవయ్యారేళ్ల పిల్ల, బెజవాడ వన్ టౌన్ నుంచి రోజూ బస్సులో వస్తుంది. కొత్త రూల్సు వచ్చినప్పట్నుంచీ ఆ పిల్లకి తిండి సయించడం లేదు. మల్లేశ్వరే బలవంతాన తన క్యారేజీలోంచి చేపల పులుసు వేసి కూచోబెడుతుంది.

"లైన్లో వోల్టేజి ఒక్క క్షణం పడిపోతే చాలు పిన్నిగారూ, మన ప్లాంటు బెదిరిపోయి లైను వదిలేసేది," అంది ఉష. "మనం వదిలేస్తే మిగతాదంతా కూలబడేది. ఇకమీదట వదలకూడదట. పట్టుకుని నిలబడాలి."

"నిలబడుద్దా మరి?"

"సెట్టింగులన్నీ మార్చాను. నిజంగా వోల్టేజి పడి, మనం నిలబడ్డట్టు రికార్డు చూపించాలి. శుక్రవారం దాటితే ప్లాంటు ఆపేస్తారు."

వోల్టేజి పడాలిగా! ఏడాది పొడుగునా ఏడిపించిన కరెంటు, మూడు వారాలుగా బుద్ధిమంతురాలైపోయింది. పుడక చూస్తే ధగధగ. కరెంటు పోవట్లేదని ఏడ్చిన మనిషిని ఆ ఊరు అప్పుడే చూసింది.

గురువారం పదకొండింటికి మల్లేశ్వరి బ్రష్షు పక్కన పెట్టి ఉష గదిలోకొచ్చింది. చేతిలో కొబ్బరినూనె సీసా.

"పుడక తీస్తానమ్మాయ్. నీక్కావలసిన వోల్టేజి పడుద్ది."

ఉష బిత్తరపోయింది. "లక్ష్మీనరసమ్మగారి సంగతో?"

"వాళ్ల కోడలికి చెప్పే వచ్చా. బ్యాటరీ పావుగంట ఆగుద్దిగా. నీ ప్లాంటు నిలబడకపోతే వెంటనే పెట్టేసుకుంటా."

ఆరేళ్లుగా బిగుసుకుపోయిన మర. ఉష నూనె రాసి, మెల్లగా తిప్పింది. మల్లేశ్వరి గట్టిగా కళ్లు మూసుకుంది.

పుడక ఊడొచ్చింది.

లైటు మసకబారింది. స్క్రీను మీద వోల్టేజి గీత గభాలున కిందికి దిగింది. బయట యంత్రాలు బరువెత్తినట్టు మూలిగాయి. గీత అక్కడే కాసేపు వణికి, మెల్లగా పైకొచ్చింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"పోయిందా?" కళ్లు తెరవకుండానే అడిగింది.

"పోలేదు పిన్నీ!" ఉష ఏడుస్తూ నవ్వింది. 'గారూ' ఏమైందో ఆ పిల్లకే తెలియదు.

ఫోన్లో లక్ష్మీనరసమ్మ కోడలు కంగారుగా అంది: "అత్తయ్యగారి మిషను ఆడుతూనే ఉందండీ. ఇంతకీ తీశారా, లేదా?"

మల్లేశ్వరి అరచేతిలోకి చూసుకుంది. అన్నాళ్లూ ఊరంతా చూసిన మెరుపు తను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. చూస్తుండగానే అది నెమ్మదించి, మామూలు బంగారం రంగులోకొచ్చింది. ఆవిడకి దుఃఖం పొంగుకొచ్చింది.

"ఇన్నాళ్లూ మా ఆయన ఒక్కడే ఆ తీగ పట్టుకుని నిలబడ్డాడమ్మా. చేతులెంత లాగేసుంటాయో. ఇక దిగమను," అంది.

ఉష ముందు ఆసుపత్రికి ఫోను చేసింది, ఆ తర్వాతే ఆఫీసుకి రికార్డు పంపింది.

శుక్రవారం స్కానింగ్ జరిగినంతసేపూ పుడక ఉష పిడికిట్లోనే ఉంది. ఊళ్లో కరెంటు రెప్ప వేయలేదు. తలలో చిన్న గడ్డ ఉందనీ, తీసేయొచ్చనీ, ఇంకో నెలాగితే ఆ మాట చెప్పలేకపోయేవాణ్ణనీ డాక్టరు అన్నాడు.

బయటికొచ్చి పుడక మళ్లీ పెట్టుకుంది. ఈసారి ఊరి కోసం కాదు, తనకిష్టమై.

బస్సు దిగేసరికి వీధిలో వదిన ముక్కు వంక తొంగిచూసింది. "మెరుపే లేదేమే మల్లీ, కరెంటు పోద్దా?"

"పోతే మళ్లీ వస్తుందిలే వదినా," అంది మల్లేశ్వరి. "నేను మాత్రం ఉంటా."