ఉప్పు చూడని వంట

ఉప్పు డబ్బా మూత తీసి ఆమె ఒక్క క్షణం ఆగింది. మరుగుతున్న కూర వైపు చూసి, గిన్నె ఎంత, నీళ్లెంత, ముక్కలెన్ని అని మనసులోనే బేరీజు వేసుకుని, అరచేతి గుంటలోకి ఉప్పు వంపుకుంది. ఎక్కువైందేమో అనిపించి చిటికెడు వెనక్కి వేసింది. గరిటె అంచున కాస్త తీసి నాలుక మీద వేసుకుంటే తేలిపోయే సంగతికి ఇంత ఆలోచన. కానీ వేసుకున్నా ఒకటే, వేసుకోకపోయినా ఒకటే. మందు మొదలెట్టిన దగ్గర్నుంచి అన్నం, పాలు, పండు, ఆఖరికి మంచినీళ్లు కూడా తుప్పు పట్టిన మేకును చప్పరించినట్టే ఉంటున్నాయి.

"వాసనకే ఆకలేస్తోంది వదినా. నీ చేతిలో ఏదో ఉంది" అంది హాల్లోంచి ఆడపడుచు. చేతిలో ఉన్న మాట నిజమే. ఇప్పుడు చేతిలో తప్ప ఇంకెక్కడా లేదు.

అలాగని ఈ సంగతి ఆమె దాచుకోలేదు. మొదటి విడత మందు ఎక్కించుకుని వచ్చిన కొద్ది రోజులకే భర్తతో చెప్పింది. ఆయన సోఫాలో కూర్చుని మ్యాచ్ చూస్తున్నాడు. ఏం తిన్నా రుచి తెలియడం లేదండీ, ఉప్పు కూడా తెలియడం లేదు అంది. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా "అలాగా, చూద్దాంలే" అన్నాడు. ఆ తర్వాత వంటకు వంక పెట్టవలసిన అవసరం ఎవరికీ రాలేదు కాబట్టి ఆ చూడడమూ జరగలేదు.

ఏడాది చివరి సెలవులు వచ్చాయంటే భర్త తరఫు వాళ్లంతా ఈ ఇంట్లోనే దిగుతారు. పెద్దకొడుకు ఇల్లు, పెద్దకోడలి వంట, ఏళ్ల తరబడి అదే అలవాటు. ఆమె బళ్లో చిన్న క్లాసుల టీచరు. సెలవులిచ్చిన రోజు పిల్లలు అరుచుకుంటూ గేటు దాటి పోతారు, వాళ్ల వెనకే ఆమె ఇంకో ఉద్యోగంలో చేరడానికి ఇంటికొస్తుంది. ఈ ఉద్యోగంలో జీతం మాట దేవుడెరుగు, ఒక పూట లీవు కూడా ఉండదు. పరుపులు ఎండలో వేయాలి, దుప్పట్లు ఉతకాలి. ఆడపడుచుకు చక్కెర లేని కాఫీ, ఆవిడగారి భర్తకు చక్కెర దిమ్మరించిన కాఫీ, అత్తగారికి కారం వేయని కూర విడిగా. కడిగిన గిన్నె తడి ఆరకముందే మళ్లీ పొయ్యి ఎక్కుతుంది. ఇదంతా ఆమె ప్రతి ఏడూ చేసేదే. ఈసారి మాత్రం మధ్యమధ్యలో స్టూలు లాక్కుని కూర్చోవలసి వస్తోంది. రొమ్ములో గడ్డ తీసిన వైపు చెయ్యి భుజం దాటి లేవదు. పై అరలో ఉన్న పళ్లేలు ఒక్కొక్కటే రెండో చేత్తో దించుకుంటోంది.

ఆపరేషన్ సంగతి వచ్చినవాళ్లకు తెలుసు. గండం గడిచిపోయిందని ఆయన చెప్పాడు కాబట్టి గడిచిపోయిందనే వాళ్లూ అనుకుంటున్నారు. మందు ఇంకా ఎక్కిస్తున్నారనీ, అది సగంలోనే ఉందనీ ఆయన ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజులు సరదాగా గడపడానికి వస్తుంటే ఆ గొడవంతా వాళ్ల నెత్తిన రుద్దడం ఎందుకు అన్నాడు. అందుకని ఆడపడుచు ఆమె తల వంక జాలిగా చూసి, జుట్టు బాగా పల్చబడింది, షాంపూ మార్చి చూడమంది. పనిలో పడితే ఒంట్లో నలత గుర్తుండదని అత్తగారు అనుభవం మీద చెప్పింది. నువ్వు కూర్చో, మేం చూసుకుంటాం అని అందరూ అంటారు. అన్నాక వాళ్లే కూర్చుంటారు. మొదటిరోజు ఆమెకు ఇది నవ్వుగానే ఉండింది. తర్వాత గిన్నెలు తోముతుంటే ఏడుపు వచ్చింది. కుళాయి ఇంకాస్త తిప్పి ఆ చప్పుడులో ఏడ్చేసింది.

రేపు పెద్ద భోజనం. ఇంట్లోవాళ్లు కాక ఆయన ఆఫీసువాళ్లు కూడా వస్తున్నారు. సరిగ్గా అదే రోజు ఆమెకు ఆస్పత్రిలో మందు ఎక్కించే రోజు. వంట పొద్దున్నే ముగించి, వడ్డించే పని ఆడపడుచుకు అప్పజెప్పి ఎలాగో వెళ్లొద్దామని ఆమె లెక్కలు వేసుకుంటూనే ఉంది. మధ్యాహ్నం డాబా మీద తువ్వాళ్లు ఆరేస్తుంటే ఫోన్ మోగింది. నర్సు.

రేపు మీరు రావడం లేదని ఇంట్లోంచి ఫోన్ చేశారట కదమ్మా, సెలవులయ్యాక వస్తామన్నారట, డాక్టరుగారు మిమ్మల్నే అడగమన్నారు అంది నర్సు. నేను చేయలేదే అంది ఆమె. నర్సు గొంతు తగ్గించింది. "మీకు ఒంట్లో బాగోలేక ఆపితే అది వేరమ్మా. ఊరికే మాత్రం ఎడం ఇవ్వకండి. ఇన్నాళ్లూ పడ్డ బాధంతా నీళ్లపాలవుతుంది. మీ మంచం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు."

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చేతిలో ఎవరిదో తడి తువ్వాలు, పిండడం మరిచిపోయినట్టుంది, చీర మీదికి కారుతోంది.

ఆయన పడగ్గదిలో రేపటికి ఏ చొక్కా వేసుకోవాలా అని చూసుకుంటున్నాడు. ఆస్పత్రికి ఫోన్ చేశారా అని అడిగింది. చేశాననే చెప్పాడు, దాచవలసిందేమీ ఉన్నట్టు ఆయనకు తోచలేదు. ఇంటినిండా మనుషుల్ని పెట్టుకుని నువ్వు మంచం పట్టుకుంటే ఏం బాగుంటుంది, పది రోజులు అటూ ఇటూ అయితే కొంప మునగదు, సెలవులయ్యాక నిమ్మళంగా ఎక్కించుకుందువుగాని, ఇదంతా నీ సుఖం కోసమే అన్నాడు.

"నన్ను ఒక్క మాట అడగలేదేం?"

ఆయనకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. "అడిగితే మాత్రం కాదంటావా? ఎప్పుడైనా కాదన్నావా నువ్వు?" అన్నాడు.

ముద్దుగానే అన్నాడు. కోపంగా అని ఉంటే ఆమె ఎప్పటిలా మర్చిపోయేది. వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుని, ఎప్పుడైనా కాదన్నానా అని తనూ వెతుక్కుంది. బళ్లో హెడ్‌మిస్ట్రెస్‌ను చేస్తామంటే, ఇల్లెవరు చూస్తారు అన్నాడు. సరేనంది. పుట్టింటివాళ్లు రమ్మంటే వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. సరేనంది. నిరుడు ఇవే సెలవుల్లో స్నానం చేస్తుంటే గడ్డ చేతికి తగిలింది. భయపడి ఆ తడిచేతులతోనే వచ్చి చెప్పింది. వీళ్లంతా వెళ్లాక చూపిద్దాంలే అన్నాడు. వాళ్లు వెళ్లారు, తర్వాత ఆయనకు ఆఫీసులో పని, ఆ తర్వాత ఆడపడుచు పురుడు. అన్నిటికీ సరేనంది. తీరా వెళ్లేసరికి డాక్టరు కాగితాల్లోంచి తలెత్తి, కాస్త ముందు వచ్చి ఉండాల్సిందమ్మా అని మాత్రం అంది. ఆ మాట ఇంట్లో ఎవరూ మళ్లీ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఇప్పుడు స్టూలు మీద కూర్చుంటే ఆమెకు చావంటే భయం వేసింది. నలుగురు తిని చేతులు కడుక్కునే ఒక పూట భోజనం కోసం తను పోవచ్చు, పోతే ఆ భోజనం ఎంత బాగుందో కూడా వీళ్లే చెప్పుకుంటారు అనిపించింది. ఫోన్ తీసి, బళ్లో తనతో పనిచేసే సంగీతం టీచరుకు కలిపి, నాలుగు రోజులు నీ దగ్గర ఉండనా అని అడిగింది. ఆవిడ ఒంటరి మనిషి. ఎందుకని అడగలేదు, వచ్చెయ్ అంది.

పొద్దున్నే రోజూ లేచినట్టే లేచింది. కూరలు తరిగింది, పెద్ద గిన్నె పొయ్యి మీదికి ఎక్కించింది. అది మరుగు పట్టాక ఉప్పు డబ్బా మూత తీసి అరచెయ్యి చాపింది. ఆ చెయ్యిని కాసేపు చూసుకుంది. మూత పెట్టేసి, మంట కట్టేసి, సంచీ తీసుకుంది.

వీధి తలుపు దగ్గర అత్తగారు ఎదురైంది. ఇంత పొద్దున్నే ఎక్కడికని అడిగింది.

"ఆస్పత్రికి అత్తయ్యా. మందు ఎక్కించుకోవాలి. నాకు ఇంకా తగ్గలేదు. మీ అబ్బాయి మీకు చెప్పలేదు."

అత్తగారు ఆమె ముఖం వైపు, సంచీ వైపు చూసింది. తనకు అలవాటైన మాటే అంది.

"మరి కూర?"

"సగం ఉడికింది. ఉప్పు వేయలేదు."

ముసలావిడ గుమ్మంలోంచి కదలలేదు. ఇక గొడవ తప్పదనుకుంది ఆమె. కానీ అత్తగారు నెమ్మదిగా పక్కకు జరిగి, "తలుపు నేను వేసుకుంటాలే, వెళ్లు" అంది.

ఆస్పత్రిలో కిటికీ పక్క మంచం. నరం దొరక్క నర్సు రెండుసార్లు పొడిచి, తనే నొచ్చుకుని, మూడోసారికి సూది ఎక్కించింది. సీసాలోంచి మందు చుక్కలు చుక్కలుగా దిగడం మొదలైన చాలాసేపటికి ఫోన్ మోగింది. ఎక్కడున్నావు అన్నాడు ఆయన. చెప్పింది. ఒక్క మాట అడిగి వెళ్లొచ్చు కదా అన్నాడు.

"అడిగితే మీరు కాదంటారని" అంది.

పోనీ సాయంత్రానికైనా వచ్చేస్తావుగా అన్నాడు ఆయన. రానని చెప్పింది. సంగీతం టీచరు ఇంటికి వెళ్తున్నానని, చుట్టాలు వెళ్లేదాకా అక్కడే పడుకుని ఉంటానని చెప్పింది. అవతల కుర్చీలు జరుపుతున్న చప్పుడు, ఎవరో పెద్దగా నవ్వడం వినిపించాయి. ఇప్పుడైనా ఎలా ఉన్నావని అడుగుతాడేమోనని, సిగ్గుపడుతూనే ఎదురుచూసింది.

"సరే, ఆఫీసువాళ్లు వచ్చేశారు. కూరలో ఉప్పెంత వెయ్యాలో అది చెప్పు. నువ్వు చేత్తో వేసేస్తావు, ఒక్కసారీ తప్పదు."

"రుచి చూసి వేసుకోండి. నేను చెప్పలేను. నా నాలుకకు ఉప్పు తెలియడం లేదండీ. ఇన్నాళ్లూ మీరు తిన్నదంతా నేను రుచి చూడకుండా వండిందే."

గరిటె గిన్నెకు తగులుతున్న చప్పుడు ఆగిపోయింది.  తర్వాత ఆమె ఎన్నడూ వినని చిన్న గొంతుతో అడిగాడు.

"ఎప్పట్నుంచి?"

"మీతో చెప్పినప్పట్నుంచి" అంది ఆమె.