వెల్లుల్లి గడ్డీ, వాన లిల్లీ

జలుబు తగ్గింది కానీ ఆ ఇంటి కోడలికి వాసన మాత్రం తిరిగి రాలేదు. అల్లం దంచినా, తాలింపు వేసినా ఒకటే. క్యాంటీన్‌లో వంట చేసే మనిషికి ముక్కు పనిచేయదంటే పనిలో ఎవరుంచుకుంటారు? అందుకే ఆ మాటను ఇంట్లో కూడా పెదవి దాటనివ్వలేదు.

ఆదివారం ఆడపడుచు వచ్చింది. ఆమ్లెట్‌లోకి వెల్లుల్లి గడ్డి కోయడానికి కోడలు పెరట్లోకి వెళ్లింది. చూడ్డానికి గడ్డిపోచే గానీ నలిపితే అచ్చం వెల్లుల్లి వాసన. మొదలు దగ్గర కాస్త వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. గబగబా గుప్పెడు కత్తిరించి, సన్నగా తరిగి గుడ్లసొనలో కలిపింది. తను తర్వాత తిందామనుకుని మొగుడికీ, అత్తగారికీ, ఆడపడుచుకీ వడ్డించింది.

కత్తెర కడగబోతూ మొక్కల తొట్లవైపు చూసి అక్కడే ఆగిపోయింది. తను కోసింది వాన లిల్లీ తొట్టిలో. నిరుడు వెల్లుల్లి గడ్డి గింజలు రాలి అందులోనూ మొలిచాయి. రెండిటి ఆకులూ ఒకేలా ఉంటాయి, ఏది ఏదో చూస్తే తెలియదు. లిల్లీ తింటే వాంతులవుతాయని మొక్కలమ్మే అతను ముందే చెప్పాడు.

ఒక ఆకు నలిపి ముక్కుకు ఆనించుకుంది. ఏమీ తెలియలేదు. కాలుగాలిన పిల్లిలా పెరటికీ వంటింటికీ తిరిగింది. మొగుడు ఆవులిస్తే అది నిద్రో మగతో అనిపించింది. అత్తగారు పొట్ట నిమురుకుంటే పై ప్రాణం పైనే పోయింది.

"ఏంటొదినా, ఒక చోట కూర్చోవు?" అంది ఆడపడుచు.

కోడలు ఆకులు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "వీటిలో ఏది వెల్లుల్లో కాస్త చెప్పమ్మా."

"నీకు తెలీదా?"

"జలుబు చేసినప్పట్నుంచీ నాకు ఏ వాసనా తెలీట్లేదు."

ఆడపడుచు ఒక్కొక్కటే నలిపి చూసింది. "ఇది వెల్లుల్లే. ఇది మాత్రం ఉత్త గడ్డి." అంతలోనే ఆమె ముఖం పాలిపోయింది. "ఇందాకట్నుంచీ నాకు కడుపులో తిప్పుతోంది వదినా."

ఒక్కసారి వాంతయింది. మొగుడు డాక్టరుకి ఫోన్ చేశాడు. నీళ్లు తాగించి కనిపెట్టుకుని ఉండండి, మళ్లీ అయితే తీసుకురండి అన్నాడాయన. సాయంత్రానికి ఆడపడుచు తేరుకుంది. మిగతా ఇద్దరికీ ఏమీ కాలేదు.

"మొన్న పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే పక్కనే కూర్చుని వంకాయలు తరుగుతున్నావు," అంది అత్తగారు. "నామీద అలిగావనుకున్నా. చెప్తే నా ముక్కు అరువిచ్చేదాన్ని కదే."

ఆ తొట్టిని మట్టితో సహా బోర్లించేశారు. మర్నాడు కోడలు క్యాంటీన్ యజమానికి ఉన్న సంగతి చెప్పేసింది. ఆయన కాసేపు తల గోక్కుని, నయమయ్యేదాకా కూరగాయలు తరగమన్నాడు. ఆమె సరేనంది. కానీ పొయ్యి మీద ఏదైనా ఉందంటే కాలు నిలవదు. కత్తిపీట వదిలి వచ్చి, మాటిమాటికీ మూత తీసి చూస్తూనే ఉంటుంది.