ఎర్రదారం తెగిన కేసు షీటు

నేను ఒక కేసు షీటుని. గోధుమరంగు అట్ట, లోపల పదహారు కాగితాలు, మూలన ఒక చిల్లు. మనిషికి పుట్టగానే పేరు పెడతారు. నాకు మాత్రం ఇంకొకరు జబ్బు పడ్డాకే పేరొచ్చింది. ఈ ముప్ఫై పడకల ఆసుపత్రిలో రికార్డు గుమాస్తా మస్తాన్ వలీ గారు నన్ను కట్టలోంచి లాగి, నా నెత్తిన ‘బిట్రా భ్రమరాంబ, మగ్గాల వీధి’ అని రాశారు. ఇక ఆవిడ దగ్గూ, మోకాళ్ళ నొప్పులూ, మూడు కాన్పులూ అన్నీ నా కడుపులోనే.

పన్నెండేళ్ళలో ఎన్ని చేతులు మారానో! ఒక డాక్టరు తను రాసింది తనకే అర్థంకాక మస్తాన్ గారి చేత చదివించుకునేవాడు. ఇంకొకాయన నామీద టీ గ్లాసు పెట్టి మరిచిపోయాడు. ఆ గుండ్రటి మచ్చ మూడో పేజీలో ఉంది, భ్రమరాంబ రోగాల్లో అదీ ఒకటన్నట్టు.

ఏడేళ్ళ కిందట ఒక పొద్దున ఆవిడకి పెన్సిలిన్ సూది వేశారు. చూస్తుండగానే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక బల్లమీద ఒరిగిపోయింది. సలోమి సిస్టర్ విరుగుడు వేసి బతికించింది. ఆ హడావిడిలో రాసే తీరిక ఎవరికి? సిస్టర్ జేబులోంచి ఎర్రదారం తీసి నా చిల్లుకి ముడివేసింది. ఆ సూది పడనివాళ్ళ కేసు షీట్లన్నిటికీ ఆవిడ పెట్టిన గుర్తు అదే. డాక్టర్లు దారం చూడగానే ఆ మందు మానేసేవారు. అందరికీ తెలిసిందే గదా అని లోపల ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. నిజం చెప్పొద్దూ, ఆ దారం చూసుకుని నేను మురిసిపోయేదాన్ని.

పోయిన వేసవిలో కంప్యూటర్లు వచ్చాయి. వాటిమీద నాకు కుళ్ళేమీ లేదు. నాకోసం మస్తాన్ గారు నిచ్చెనెక్కి గంటసేపు వెతుకుతుంటే కింద రోగి మూలుగుతూ కూర్చోవడం నేనెరుగుదును. ఎలకల పాలైన నా తోటివాళ్ళనీ ఎరుగుదును. కానీ మా రాతలు ఎక్కించడానికి వచ్చినవాళ్ళకి రోజుకి రెండువందల కేసు షీట్లు పూర్తికావాలి. దారాలు అడ్డొస్తున్నాయని ముందే కత్తిరించి బుట్టలో పడేశారు. తెరమీద ‘పడని మందులు’ అని ఒక గడి. ఉన్నాయి, లేవు అని రెండే జవాబులు. ఏదో ఒకటి కొట్టకపోతే యంత్రం ముందుకు కదలదు. నాలో ఏమీ రాసిలేదు కాబట్టి ‘లేవు’ కొట్టారు.

అప్పుడు సలోమి సిస్టర్ జిల్లా కేంద్రంలో కంప్యూటరు శిక్షణలో ఉంది. తిరిగొచ్చేసరికి మేమంతా పాత కాగితాలవాడి కోసం ఓపీ వరండాలో గోతాల్లో ఉన్నాం. దారాల సంగతి కూడా ఎక్కించే ఉంటారని ఆవిడ అనుకుంది. ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు.

నెల తిరక్కుండా భ్రమరాంబ వచ్చింది. కాల్లో మేకు దిగి, పాదం వాచి చీము పట్టింది. కొత్త డాక్టరు ఫణీంద్ర మంచివాడే, తెర చదివే పెన్సిలిన్ సూది రాశాడు.

“నాకేదో సూది పడదండి. నా చీటీకి ఎర్రదారం కట్టారు, సూడండి,” అంది భ్రమరాంబ.

“అంతా కంప్యూటర్లో ఉందమ్మా. పడని మందులు లేవనే ఉంది.”

ఆవిడ తెరవంక చూసింది. అదే చెప్పాక తనెంత అనుకుందేమో, చెయ్యి చాచింది. లేవని ఉంది గదా అని, సూదికి ముందు చర్మంమీద వేసి చూసే పరీక్ష చుక్క కూడా వెయ్యలేదు. పది అడుగుల దూరంలో గోతం మూతి దగ్గర నేనున్నాను. నాకు నోరుంటే మాత్రం ఏం చెప్పను? నాలో ఒక్క అక్షరం లేదు. అంత సిగ్గు నేనెన్నడూ పడలేదు.

రెండు నిమిషాల్లో ఆవిడ పెదాలు నల్లబడ్డాయి. ఆడవాళ్ళ వార్డులోంచి సలోమి సిస్టర్ పరుగెత్తుకొచ్చి తొడలో విరుగుడు పొడిచింది. గంటసేపు చావుకీ బతుక్కీ మధ్య ఊగి, చివరికి భ్రమరాంబ కళ్ళు తెరిచింది.

సిస్టర్ నేరుగా వరండాలోకొచ్చి, గోతాలు కుమ్మరించి నన్ను వెతికి పట్టుకుంది. పదహారు కాగితాలూ తిప్పింది. వెనకే ఫణీంద్ర వచ్చాడు.

“దారం కట్టింది నేనే డాక్టరుగారూ. రాయంది కూడా నేనే,” అంది.

దారం కట్టిన మిగతావాళ్ళెవరని ఆయన అడిగాడు. తెగిన దారాలు ఎప్పుడో చెత్తలో పోయాయి. చిల్లు చూద్దామంటే అది మా అందరికీ ఉంది. సిస్టర్ నా చివరి కాగితం మీద గుర్తున్న పేర్లు రాయడం మొదలుపెట్టింది. మస్తాన్ గారు పక్కన నిలబడి రెండు పేర్లు అందించారు. పద్దెనిమిది దగ్గర పెన్ను ఆగింది. కట్టింది నలభైమందికి పైనే. ఫణీంద్ర కంప్యూటరు ముందు కూర్చుని ‘తెలియదు’ అని కొట్టే వీలుందేమోనని గడిగడీ వెతికాడు. లేదు.

వరండా బయట ఓపీ వరస అప్పటికే గేటు దాటింది. సిస్టర్ నన్ను చంకలో పెట్టుకుని వెళ్ళి, మొదట నిలబడ్డ ముసలాయన భుజంమీద చెయ్యివేసింది.

“తాతా, నీ చీటీకి నేనెప్పుడైనా ఎర్రదారం కట్టానా?”



“కట్టే ఉంటావు తల్లీ,” అన్నాడు. “నాకు గ్యాపకం లేదు. నీకు తెలవదా?”