అరూసా నడుస్తుండగా తీసిన ఫోటో

మా నాన్నకి ఇద్దరు భార్యలని మా అమ్మ బేయా చుట్టాలందరి దగ్గరా చెప్పేది. మా దేశంలో రెండో పెళ్ళి చేసుకుంటే జైలే. అయినా నాన్న దర్జాగా చేసుకున్నాడని, ఆ రెండోది పెరట్లో రేకుల షెడ్డులో ఉంటుందని, దానికి వారానికి రెండుసార్లు స్వయంగా స్నానం చేయిస్తాడని, తనకి మాత్రం ఏనాడూ ఒక సబ్బు బిళ్ళ కూడా తేలేదని అమ్మ ఫిర్యాదు. ఆ రెండోదాని పేరు అరూసా. పెళ్ళికూతురని అర్థం. మీగడ రంగు స్టేషన్ వాగన్ కారు. వయసులో నాకన్నా ఆరేళ్ళు పెద్దది.

మా నాన్న షాద్లీ మాతర్ చుట్టుపక్కల పల్లెల్లో పశువులకి సూదులు వేసే ఉద్యోగం చేశాడు. ముప్పయ్యేళ్ళు ఆ కారులోనే తిరిగాడు. దాని చప్పుడు వినబడగానే గొర్రెలు గుట్టెక్కేవట. లోపల ఈ రోజుకీ మందుల వాసనే. ఎక్కి కూర్చుంటే నాకు భుజం మీద ఎవరో దూదితో రుద్దుతున్నట్టే ఉంటుంది.

కిందటి ఏప్రిల్‌లో బిజెర్తె పట్నంలో పాత కార్ల ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. దరఖాస్తుతో పాటు కారు రోడ్డు మీద పోతున్న ఫోటో ఒకటి జతచేయాలట. అంతకుముందు ఏడాది ఇంజన్ లేని బళ్ళు కొన్ని లారీల మీద వచ్చి దిగాయట, అందుకని. ఇంట్లో ఆల్బమ్‌లన్నీ తిరగేశాం. అరూసా ఫోటోలు నలభై దాకా దొరికాయి. సముద్రం ఒడ్డున ఒకటి, మా పిన్ని పెళ్ళిలో పూలదండలతో ఒకటి, పండక్కి కొన్న పొట్టేలు ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నది ఒకటి. అన్నిట్లోనూ కారు ఆగే ఉంది.

"ఇవి చూస్తే ఎవరైనా ఇది కదలదనే అనుకుంటారు" అన్నాడు నాన్న దిగులుగా. "రాదియా, నువ్వే తియ్యాలమ్మా."

నేను ఊళ్ళో పెళ్ళి ఫోటోలు తీస్తాను. పెళ్ళిళ్ళలో ఎవరూ పరుగెత్తరు, పెళ్ళికొడుక్కి ఆ కోరిక ఉన్నా సరే. అందుకని ఈ పని నాకూ కొత్తే. కెమెరా కన్ను కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచి, కారు ఎంత వేగంతో పోతుంటే అంతే వేగంతో నడుం తిప్పాలి. అప్పుడు కారు స్పష్టంగా వస్తుంది, వెనకున్న చెట్లు గీతల్లా సాగుతాయి. కారు మాత్రం ఒకే వేగంతో పోవాలి.

"నలభై మీద పోనీ నాన్నా. తగ్గించకు, పెంచకు, నన్ను చూడకు" అని చెప్పాను.

"నాకు డ్రైవింగ్ నేర్పుతున్నావా?" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఇష్కిల్ సరస్సుకి పోయే దారిలో, యూకలిప్టస్ చెట్ల వరస దగ్గరికి వెళ్ళాం. నాన్న ఎర్రటోపీ, ఇస్త్రీ కోటు వేసుకున్నాడు. అమ్మ రొట్టెలూ జున్నూ ఉడికించిన గుడ్లూ బుట్టలో సర్దుకొచ్చి గట్టు మీద కూర్చుంది.

మొదటిసారి నాన్న బాగానే వచ్చాడు. కెమెరా కనబడగానే బ్రేకు వేసి, గడ్డం పైకెత్తి నవ్వాడు.

"ఆగావేం నాన్నా!"

"ఫోటో అన్నావుగా. కదిలితే చెడిపోదూ?"

రెండోసారి కదలకుండా ఉండాలని ఊపిరి బిగబట్టుకుని పదిహేను మీద వచ్చాడు. సైకిలు మీద వెళ్ళే పాలవాడు ఆయన్ని దాటిపోతూ సలాం చెప్పాడు. మూడోసారి ఒక గొర్రెల కాపరి చెయ్యెత్తాడు. మా వైపు గౌరవంగా మగవాళ్ళ పేరు ముందు 'సీ' అని, ఆడవాళ్ళ పేరు ముందు 'లల్లా' అని చేర్చి పిలుస్తారు.

"సీ షాద్లీ! బతికే ఉన్నావా? దేవుడే పంపాడు నిన్ను. ఈ గొర్రె కుంటుతోంది, కాస్త చూడు."

"రిటైరై పదమూడేళ్ళయిందయ్యా" అంటూనే నాన్న కోటు విప్పి గొర్రె కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. గిట్టలోంచి ముల్లు తీసి మళ్ళీ కారెక్కేసరికి అరగంట పట్టింది. ఎండ చెట్ల మీదికి ఎక్కింది. ఇంకో పావుగంట పోతే వెలుతురు నాకు పనికిరాదు.

నేను మొహం మాడ్చుకుని నిలబడ్డాను. అమ్మ గుడ్డు పెంకు వొలవడం ఆపి, చేతులు దులుపుకుని లేచింది. కారు దగ్గరికెళ్ళి తలుపు తీసింది.

"దిగు" అంది నాన్నతో.

"ఎందుకు?"

"దిగమంటున్నా."

"బేయా, అది కుట్టుమిషన్ కాదు" అని నాన్న నవ్వుతూనే దిగాడు.

అమ్మ ఎక్కింది. సీటు ముందుకి జరుపుకుంది. అద్దం సర్దుకుంది. స్టీరింగ్ పక్కనున్న గేరు కర్రని కూర కలిపే గరిటె తిప్పినంత తేలిగ్గా లాగింది. అరూసా చిన్న కుదుపు కూడా లేకుండా కదిలి వెళ్ళిపోయింది. నాన్న నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు.

కారు దూరంగా మలుపు తిరిగి మళ్ళీ వచ్చింది. సరిగ్గా నలభై. నేను నోరు తెరుచుకుని చూస్తూ బటన్ నొక్కడం మర్చిపోయాను. రెండోసారి తిరిగొచ్చినప్పుడు నొక్కాను.

"ఎవడు నేర్పాడు నీకు?" అని అరిచాడు నాన్న, అమ్మ కారు ఆపగానే.

"నువ్వే. పెళ్ళయిన దగ్గర్నుంచీ పక్కన కూర్చోబెట్టుకుని 'ఇదిగో మూడో గేరు వేస్తున్నా చూడు, ఇదిగో క్లచ్ వదులుతున్నా చూడు' అని నా చెవులు తినేశావు. గొర్రెకి చెప్పినా వచ్చేది."

"లైసెన్సు లేకుండా..."

అమ్మ సంచీలోంచి పాత లైసెన్సు తీసి ఇచ్చింది. అందులో అమ్మకి ముప్పయ్యేళ్ళు. తేదీ చూసి నాన్న లెక్క వేసుకున్నాడు.

"ఆ రోజు బిజెర్తె పన్ను పీకించుకోవడానికి వెళ్ళావుగా!"

"పీకించుకోలేదు. ఇదిగో, ఉంది" అని అమ్మ నోరు తెరిచి చూపించింది.

అప్పుడు సంగతి బయటపడింది. ఆ ఏడు మా పెద్దమ్మ మన్నూబియా కొడుకు పోయాడు. ఆవిడ మంచం దిగడం మానేసింది. వేసవి మధ్యాహ్నాల్లో నాన్న గుర్రుపెట్టి నిద్రపోతుంటే, అమ్మ ఆయన కోటు జేబులోంచి తాళాలు తీసుకుని పన్నెండు కిలోమీటర్లు వెళ్ళేది. అక్కకి తల దువ్వి, రెండు ముద్దలు తినిపించి, నాన్న లేచేలోపు తిరిగొచ్చేది. మూడు వేసవులు అలా వెళ్ళింది.

"నన్నడిగితే తీసుకెళ్ళేవాణ్ణి కదా" అన్నాడు నాన్న. గొంతు తగ్గింది.

"తీసుకెళ్ళేవాడివే. అక్కడ కూర్చుని ఆవిడకీ గేర్ల గురించి చెప్పేవాడివి. అక్కకి అప్పుడు మాటలు వద్దు, షాద్లీ. పక్కన మనిషి ఉంటే చాలు."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాకొక కల వచ్చేది. మందుల వాసనలో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటాను, చెట్లు వెనక్కి పోతుంటాయి, అమ్మ కారు నడుపుతూ మెల్లగా పాడుతుంటుంది.

"అమ్మా, అది కల అని చెప్పావు నాకు!"

"నాలుగేళ్ళ పిల్లకి ఇంకేం చెప్తాను? లేచి వెళ్ళి మీ నాన్నకి చెప్పేదానివి."

నాన్న ఉన్నట్టుండి తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

"అయ్యో, హమ్మాదీ!"

ఎదురింటి హమ్మాది స్టవ్వులు బాగుచేసేవాడు. ఆ రోజుల్లో పెట్రోలు తగ్గిపోతోందని నాన్న అతన్ని దొంగ అని తిట్టి, పదకొండేళ్ళు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక రంజాన్‌కి అతనే వచ్చి కౌగిలించుకున్నాడు. తప్పు తెలుసుకున్నాడనే నాన్న నమ్మకం.

"ఏటా నీ పేరుమీద వాళ్ళింటికి మిఠాయి పళ్ళెం పంపాను. ఊరికే వస్తాడా?" అంది అమ్మ.

తిన్నగా హమ్మాది ఇంటికే వెళ్ళాం. కారు అమ్మే నడిపింది. నాన్న టోపీ చేత్తో పట్టుకుని అంతా చెప్పి క్షమించమన్నాడు. హమ్మాది విని, టీ గ్లాసు కింద పెట్టాడు.

"నాకు తెలియనిదేముంది సీ షాద్లీ? ఇంజన్ చప్పుడుకి నువ్వు లేస్తావని సందు చివరిదాకా తోసింది నేనే. నీ కారు బరువు నా నడుముకి ఇప్పటికీ గుర్తుంది."

"మరి దొంగా అని తిట్టినప్పుడు చెప్పలేదేం?"

"చెబితే లల్లా బేయా ప్రయాణం ఆగిపోయేది. నువ్వు మాట్లాడకపోతే నాకు పోయిందేమీ లేదు. ఆ పదకొండేళ్ళు ఎంత ప్రశాంతంగా గడిచాయనీ!"

నాన్న ముందు ఏడ్చాడు, తర్వాత నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. చెట్లన్నీ ఆకుపచ్చ గీతలైపోయాయి. మధ్యలో అరూసా, లోపల ముందుకే చూస్తున్న అమ్మ. దరఖాస్తులో డ్రైవరు పేరు అన్నచోట నాన్న కళ్ళజోడు పెట్టుకుని, దస్తూరీ కుదురుగా ఉండేలా అమ్మ పూర్తి పేరు రాశాడు. అమ్మ మాత్రం ఫోటోని దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, తలగుడ్డ వంకరగా ఉందని తేల్చింది. మళ్ళీ ఆదివారం మళ్ళీ వెళ్ళాం, ఈసారి వెనక సీట్లో హమ్మాది కూడా ఉన్నాడు.