బోర్డు మారిన రోజు

ఏడాదికి నాలుగుసార్లు ఆ హోటల్లో గోడమీది నల్లబోర్డు తుడిచి కొత్తగా రాస్తారు. రాసిన రోజు మధ్యాహ్నం పన్నెండున్నర కల్లా పెద్దావిడ వచ్చి తలుపు పక్క టేబుల్ దగ్గర కూర్చుంటుంది. బోర్డు మీద ఉన్నవన్నీ తెప్పించుకుంటుంది. ఒక్కోదానికీ ఒక్కో వంక పెట్టి, అందరికీ వినపడేలా చెప్పి వెళ్ళిపోతుంది. పన్నెండేళ్ళుగా ఇదే తంతు. సొంత మేనకోడలి పెళ్ళికైనా వెళ్ళడం మానిందిగానీ, ఈ రాక మాత్రం మానలేదు.

హోటలా అంటే ఏమంత గొప్పది కాదు. తొమ్మిది టేబుళ్ళు, వాటిలో రెండింటి కాళ్ళ కింద అట్టముక్కలు, కిటికీకి వెలిసిపోయిన గళ్ళ తెర. కానీ ఏ కాలానికి మార్కెట్లో ఏది దిగితే అదే వండుతారు. కాలం దాటినదాన్ని కాళ్ళావేళ్ళా పడ్డా వండరు. ఆ పద్ధతి పెట్టింది పెద్దావిడే. ఇప్పుడు నడుపుతున్నది ఆమె తోడికోడలు చిన్నావిడ. ఇద్దరూ కలిసి వెలిగించిన పొయ్యి అది. ఒక ఒరలో రెండు కత్తులు ఎన్నాళ్ళు ఇముడుతాయి? ఒకరోజు హోటల్ నిండా జనం ఉండగా చిన్నావిడ వండిన చేపల గిన్నె రుచి చూసి, "ఇది మనుషులు తినేది కాదు" అని అందరి ముందూ చెత్తబుట్టలో కుమ్మరించింది పెద్దావిడ. చిన్నావిడ ఏడవలేదు, అరవలేదు.

"రేపట్నుంచి ఈ వంటింట్లో మీరైనా ఉండండి, నేనైనా ఉంటాను" అంది.

పెద్దావిడ నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి విసిరికొట్టి వచ్చేసింది. రెండు రోజుల్లో కాళ్ళబేరానికి వస్తారనుకుంది. ఎవరూ రాలేదు. అదిగో, ఆ మంట ఇప్పటికీ ఆరలేదు.

అయితే ఈసారి ఒక చిక్కొచ్చి పడింది. మూడు నెలల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆమె నాలుకనీ ముక్కునీ వెంట తీసుకుపోయింది. ఇంట్లో పాలు పొంగి మాడి నల్లబడ్డా వాసన తెలియలేదు. అన్నం తింటే అన్నమో అట్టముక్కో తేడా లేదు. ఈ సంగతి కూతురికి తప్ప మరో పురుగుకి తెలియదు.

"ఈసారికి మానెయ్యమ్మా" అని పొద్దుటినుంచీ పోరుపెట్టింది కూతురు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల."

"మానేస్తే ఓడిపోయాననుకుంటుంది."

"అనుకుంటే అనుకోనీ."

"దాని ముందు ఓడిపోయాక ఇంక నేనుండి ఏం లాభం" అంది పెద్దావిడ, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ. కళ్ళున్నాయి, చెవులున్నాయి, పళ్ళు ఇంకా ఇరవై దాకా మిగిలాయి. వంక పెట్టడానికి ఆ మాత్రం చాలదా?

చాలింది కూడా. కూతురు గత్యంతరం లేక వెంట వచ్చి పక్కన కూర్చుంది. తెల్లమీసాల సర్వర్ మొదట కాల్చిన దుంపలు తెచ్చిపెట్టాడు. ఆమె ఒక ముక్కని వేలితో తిప్పి చూసింది.

"నిన్న తరిగి నీళ్ళలో పడేశారు. అంచులు చూడు, ఎలా పెచ్చులు లేచాయో."

సర్వర్ మొహం మాడిపోయింది. అంటే నిజమేనన్నమాట. తరువాత చిక్కుడు గింజలతో చేప వచ్చింది. ముల్లు లాగితే కండ అంటుకుని వచ్చింది.

"తొందరపడి దించేశారు. ఎవరికేం పనులు మునిగిపోతున్నాయో."

పక్క టేబుళ్ళ మీద స్పూన్లు ఆగాయి. ఒకాయన తన ప్లేటులోని చేపని అనుమానంగా కెలికాడు. పెద్దావిడకి ప్రాణం లేచొచ్చింది. నాలుక లేకపోతేనేం, నేనింకా నేనే అనుకుంది. కొంప ముంచింది ఆ ధైర్యమే.

మూడోది గుమ్మడికాయ సూప్. పసుపు పచ్చగా, నున్నగా, మీద ఒక్క పలుకైనా లేకుండా ఉంది. కంటికి దొరకదు, పంటికి దొరకదు. ఒక స్పూను నోట్లో పెట్టుకుంది. వేడిగా ఉంది, చిక్కగా ఉంది, అంతే. గోడకి కొట్టే సున్నమైనా ఆ నోటికి అలాగే ఉంటుంది. హోటలంతా ఆమె మొహంలోకే చూస్తోంది. ఆలోచించే వ్యవధి లేక, పన్నెండేళ్ళుగా అలవాటైన మాట అనేసింది.

"ఉప్పు ఎక్కువైంది. దాని చెయ్యి మొదట్నుంచీ అంతే."

వంటింటి తలుపు తెరుచుకుంది. పన్నెండేళ్ళలో మొదటిసారి చిన్నావిడ స్వయంగా బయటికి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి టేబుల్ ముందు నిలబడింది.

"ఎంత ఎక్కువైందక్కా?"

"నోట్లో పెట్టుకోలేనంత."

చిన్నావిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ముందుకి వంగి, ఆ టేబుల్ దాటి వినపడనంత మెల్లగా చెప్పింది.

"మీ గిన్నెలో ఉప్పు వెయ్యలేదు. ఉప్పెక్కువ, ఉప్పెక్కువ అని ఇన్నేళ్ళూ నన్ను పొడుచుకు తిన్నారు కదా. అందుకని మీదొక్కటీ విడిగా తీసి చిటికెడు కూడా వెయ్యకుండా పంపాను. చప్పగా ఉందని మీరంటే వచ్చి మీ మొహం మీద నవ్వుదామనుకున్నాను."

కూతురు తల వంచుకుంది. పెద్దావిడ స్పూను టేబుల్ మీద పడేసింది.

"నా నాలుక బాగానే ఉంది" అంది.

నాలుక మాట ఎవరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

"ఎప్పట్నుంచి?" అంది చిన్నావిడ, కూతురి వైపు తిరిగి.

"మూడు నెలలైంది పిన్నీ."

పెద్దావిడకి భయం వేసింది. బతుకులో ఎన్నడూ ఎరగనంత భయం. ఇలాంటి అవకాశం తన చేతికి దొరికితే తానేం చేసేదో ఆమెకి బాగా తెలుసు. పన్నెండేళ్ళ కిందట ఇదే గదిలో, ఇలాగే జనం చూస్తుండగా చేసింది కూడా.

"లేచి చెప్పు, ఆలస్యం దేనికి? అందరూ వినడానికే కూర్చున్నారు" అంది పళ్ళ బిగువున.

"నోరు దురద పెడుతూనే ఉంది." చిన్నావిడ టేబుల్ మీది ఉప్పుగిన్నెని ఆమె ముందుకి తోసింది. "వెయ్యండి."

"ఏమిటి?"

"ఉప్పు. సరిపడా మీరే వెయ్యండి, చూద్దాం."

పెద్దావిడ కాసేపు సూప్ వైపు చూసింది. స్పూనుతో ఎత్తి, ధార ఎంత చిక్కగా పడుతోందో గమనించింది. మూడు వేళ్ళతో ఉప్పు తీసింది. బొటనవేలితో రాసి కొంచెం వెనక్కి రాల్చేసి, మిగిలింది వేసి కలిపింది. చిన్నావిడ ఒక స్పూను తాగింది. ఇంకో స్పూను తాగింది. ఆ మొహంలో ఏముందోనని పెద్దావిడ, పరీక్ష రాసిన పిల్లలా చూస్తూ కూర్చుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"చెయ్యి చావలేదు" అంది చిన్నావిడ చివరికి, అప్పు తీరుస్తున్నట్టు ముక్తసరిగా. "వినండి. చలికాలం పోయి బోర్డు మారిన రోజు మీరు వస్తారు. ఇదే కుర్చీలో కూర్చుని వంకలు పెడతారు."

"నేను రాను."

"రాకపోతే ఆ రోజే తొమ్మిది టేబుళ్ళకీ చెప్తాను, పెద్దావిడ నాలుక పోయిందని."

"నా మీద ఇంత పగేమిటే నీకు?"

"మీరొస్తారని పదిహేను రోజుల ముందునుంచీ ఒక్కో వంటా నాలుగేసిసార్లు చేసి పారబోస్తాను. మీరు రారని తెలిసిందా, లోపల అందరూ ఒళ్ళు వదిలేస్తారు. నేనూ వదిలేస్తాను. ఇదేదో ప్రేమనుకునేరు. ఆ చేపల గిన్నె నేను చచ్చేదాకా మర్చిపోను."

లేచి నిలబడి, ఆ సూపు గిన్నె చేతిలోకి తీసుకుంది. ఈసారి హోటలంతా వినపడేలా, "పెద్దావిడకి ఉప్పు ఎక్కువైందట, గిన్నె మార్చండి" అని లోపలికి కేకేసి వెళ్ళిపోయింది.

సర్వర్ కొత్త గిన్నె తెచ్చిపెట్టాడు. ఇది అందరికీ వడ్డిస్తున్న సూపే. జనం మళ్ళీ తలలు తిప్పారు. వంటింటి కిటికీలో చిన్నావిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పెద్దావిడ ఒక స్పూను నోట్లో పెట్టుకుంది. వేడిగా ఉంది, చిక్కగా ఉంది. కిటికీ వైపు సూటిగా చూసి గొంతు సవరించుకుంది.

"ఇప్పుడు తక్కువైంది" అంది.

లోపల గరిటె విసిరికొట్టిన చప్పుడైంది. మూడు నెలల తరువాత మొదటిసారి, పెద్దావిడ గిన్నె అడుగుదాకా తాగింది.