కత్తికి ముందు ప్రార్థన

పటమట దాటి బందరు రోడ్డు మీంచి పక్కకి తిరిగితే ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ఉండేది. అందులో ఆపరేషన్ థియేటరు ఎవరిదని అడిగితే వంటవాడి దగ్గర్నుంచి పాస్టరుగారి దాకా అందరూ "సంపూర్ణమ్మగారిది" అనే చెప్పేవారు. కత్తి పట్టేది డాక్టరే. అయినా ఆ గది మాత్రం థియేటరు సిస్టరు సంపూర్ణమ్మదే. గుమ్మం లోపల చెప్పు కనిపిస్తే ఎంతటివాడికైనా ఆ పూట చీవాట్లతోనే కడుపు నిండేది. ఆవిడ చేతులు కడుక్కోవడం మొదలుపెడితే చూసేవాళ్లకి విసుగొచ్చేదిగాని ఆవిడకి వచ్చేది కాదు. పెళ్లయిన కొత్తలోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆ నాలుగు తెల్లటి గోడలే ఆవిడ కాపురం.

ఆవిడకొక పద్ధతి ఉంది. సామానంతా బల్ల మీద పేర్చాక, రోగికి మత్తు ఇవ్వబోయే ముందు, అందర్నీ ఒక్క నిమిషం ఆపేది. వెనకనున్న ఆయాతో "ముడి విప్పవే" అనేది. ఆయా ముడి విప్పితే మాస్కు గడ్డం కిందికి జారేది. అప్పుడు ఆ సామాను బల్ల మీదుగా రోగి వైపు వంగి, గొంతెత్తి ప్రార్థన చేసేది. పూర్వం ఉన్న దొరసాని డాక్టరు ఈ ప్రార్థన వార్డులో మంచం దగ్గరే ముగించేదట. భయం థియేటర్లో వేస్తుంటే ధైర్యం వార్డులో చెప్పి ఏం లాభమని సంపూర్ణమ్మ దాన్ని లోపలికి తెచ్చింది. మాస్కు మాట ఎవరైనా ఎత్తితే, "మూతికి గుడ్డ కట్టుకుని దేవుడితో మాట్లాడ్డానికి నేనేమన్నా దొంగతనానికొచ్చానా?" అని గదమాయించేది. దానికి ఎదురు చెప్పే మొనగాడు ఆ ఆసుపత్రిలో లేడు.

డెబ్భైమూడులో డాక్టరు కృపానందం వచ్చాడు. ఎముకల ఆపరేషన్లు నేర్చుకున్న కుర్ర డాక్టరు. అంతకుముందు అక్కడ కాన్పులు, వరిబీజాలు, గడ్డలు కోయడం తప్ప పెద్ద పని లేదు. విరిగిన ఎముకకి స్టీలు ప్లేటు వేసి స్క్రూలు బిగించడం ఆయనతోనే మొదలైంది. సంపూర్ణమ్మ ప్రార్థన మొదటిసారి విన్నప్పుడు ఆయన కూడా ఏదో అనబోయాడు. ఇంతలో బల్ల మీదున్న ముసలి రైతు బిగించిన పిడికిళ్లు వదలడం కనిపించింది. ఆయన మాట మింగేసి, తనూ కళ్లు మూసుకున్నాడు.

ఆ మరుసటి ఎండాకాలంలో ఆటోనగర్ నుంచి అలీని రిక్షాలో తెచ్చారు. ఇరవై దాటిన మెకానిక్కు. లారీ కింద పని చేస్తుంటే జాకీ జారింది. తోలు చెక్కుచెదరలేదుగాని మోకాలి కింద ఎముక రెండుగా విరిగింది. తల్లి ఆమినాబీ గాజుల మలారం మోసుకుంటూ వీధి వీధీ తిరిగి వాణ్ణి పెంచింది. వాడొక్కడే ఆవిడకి.

పిండికట్టు వెయ్యొచ్చు, కాని ఎముక వంకరగా అతికే ప్రమాదం ఉంది, ప్లేటు వేస్తే తిన్నగా వస్తుంది అని డాక్టరు చెప్పి, ఆలోచించుకోమన్నాడు. ఆమినాబీ ఆలోచించలేదు.

"ఇనప ముక్క ఒంట్లో పెడతారా! వద్దక్కా. నాటుకట్టు కట్టే సాయిబు ఉన్నాడు కొండపల్లిలో. ఆయన దగ్గరికి తీసుకుపోతా" అని రిక్షావాణ్ణి కేకేసింది.

ఆపింది సంపూర్ణమ్మే. "మెకానిక్కు కాలమ్మా ఇది. వంకరపోతే రేపు లారీ కిందికి ఎట్టా దూరతాడు? లోపల నేనుంటాగా. ప్రార్థన చెయ్యకుండా నీ బిడ్డ మీద కత్తి పెట్టనిస్తానా?"

"మా కోసం గూడా చేస్తారా దువా?"

"దేవుడికి మీరూ మేమూ అని ఉంటదా ఏంటి, పిచ్చిదానా!"

ఆ మాటతో ఆమినాబీ మెత్తబడింది. వేలిముద్ర వేసింది.

థియేటర్లో అలీ పళ్లు టకటకా కొట్టుకున్నాయి. సంపూర్ణమ్మ వాడి కోసం మామూలుకంటే ఎక్కువసేపు ప్రార్థన చేసింది. వాడి పేరూ, తల్లి పేరూ, ఆ గాజుల మలారం బరువూ అన్నీ దేవుడికి విన్నవించింది. వాడి కళ్ల చివర నీళ్లు కారాయి, పళ్లు కొట్టుకోవడం ఆగింది. ప్లేటు వేశాక తీసిన ఎక్స్‌రే చూసి డాక్టరు చిన్నపిల్లాడిలా సంతోషపడ్డాడు. ఎముక ఎక్కడ విరిగిందో వెతుక్కోవలసినంత చక్కగా కుదిరింది.

కుట్లు విప్పే వేళకి జ్వరం వచ్చింది. కాలు ఎర్రబడి నున్నగా మెరిసింది. ఒక కుట్టు తీయగానే చీము కారింది.

ప్లేటు వేసినవాళ్లలో ఇలా చీము పట్టినవాడు అలీ మూడోవాడు. సంపూర్ణమ్మకి ఒళ్లు మండిపోయింది. క్రిములు చావడానికి సామానుకి ఆవిరి పట్టేది జక్కయ్య. వాడి మీద విరుచుకుపడింది. "పొయ్యి మీద అన్నం వార్చినట్టు వారుస్తున్నావురా సామాన్ని! ఆ బీడీ కోసం మధ్యలో దించేస్తున్నావు కదూ! ఆ బిడ్డ ఉసురు నీకు తగలదా?" జక్కయ్య బైబిలు మీద ఒట్టు పెట్టుకున్నాడు. ఆవిడ వినలేదు. డాక్టరుతో పోట్లాడి వాణ్ణి గేటు కాపలాకి పంపించింది. తర్వాత ఆవిరి పట్టే దగ్గర తనే నిలబడేది.

అలీ కాలు మాత్రం దారికి రాలేదు. ప్లేటు తీసేశారు. తీశాక ఎముక మళ్లీ రెండు ముక్కలయింది. చచ్చిన ఎముక పేళ్లు పేళ్లుగా పుండులోంచి బయటికి రావడం మొదలైంది. ఒకసారి కోసి గీకారు. కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి, పక్కన ఇంకో కన్ను తెరుచుకుని చీము కారేది. ఇంజక్షన్లకి పిర్రల మీద చోటు లేకుండా పోయింది. వర్షాకాలం వెళ్లింది, చలి వచ్చింది. ఆమినాబీ వార్డు వరండాలోనే వండుకుంటూ, అక్కడే పడుకుంటూ, కనిపించిన ప్రతిసారీ "మీ దువా ఉంది గదా సిస్టరమ్మా, తగ్గుద్ది" అనేది. సంపూర్ణమ్మ ఇంకా గట్టిగా ప్రార్థన చేసేది.

ఈ లోపల డాక్టరు థియేటర్లో అడుగుపెట్టే ప్రతివాళ్ల ముక్కుల్లోనూ దూదిపుల్ల తిప్పి, ఆ పుల్లల్నీ అలీ చీమునీ గుంటూరు ల్యాబుకి పంపించాడు. ముందు తన ముక్కే తిప్పుకున్నాడు. ఫలితం తెలుసుకోడానికి ఆయనే గుంటూరు వెళ్లాడు. వచ్చీ రాగానే సంపూర్ణమ్మని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఎప్పుడూ లేంది, కుర్చీ జరిపి ఆవిడని కూర్చోమన్నాడు.

"జక్కయ్యదేగా?" అంది ఆవిడ కూర్చోకుండానే.

"జక్కయ్యకి ఏమీ లేదమ్మా. నాకూ లేదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "మీ ముక్కులో ఉంది."

సంపూర్ణమ్మ నవ్వింది. "నాకేం రోగమండీ! గుండ్రాయిలా ఉన్నాను."

"మిమ్మల్నేం చెయ్యదు. కొంతమంది ముక్కుల్లో ఊరికే కాపురం ఉంటుంది ఆ సూక్ష్మజీవి. మాట్లాడినప్పుడు తుంపర్లతో పడుతుంది. మామూలు కోత మీద పడితే ఒళ్లే దాన్ని చాలామటుకు చంపేస్తుంది. ఇనుము ఉన్నచోట పడితే మాత్రం పట్టుకుని వదలదు. అలీ కాల్లో ఉన్నదీ అదేనమ్మా. ఏ మందుకి లొంగుతుంది, ఏ మందుకి లొంగదు, అన్నీ సరిపోయాయి."

"నేను లోపల ఎప్పుడూ మాస్కు కట్టుకునే..." అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది.

డాక్టరు తల వంచుకున్నాడు.

"ప్రార్థనప్పుడా?"

ఆయన అవునన్నట్టు తలూపాడు. "చదువుకున్నవాణ్ణి నేను. ఆపాల్సినవాణ్ణి నేను. నేనూ అక్కడే కళ్లు మూసుకుని నిలబడ్డానమ్మా" అన్నాడు.

సంపూర్ణమ్మ అప్పుడు కూర్చుంది. తనకి ఒకటే గుర్తొస్తోంది. అందరికంటే ఎక్కువసేపు ప్రార్థన చేసింది అలీకే. వాడి పేరు పలికినప్పుడూ, తల్లి పేరు పలికినప్పుడూ, ఒక్కో మాటా వెళ్లి ఆ మెరిసే ప్లేటు మీద పడింది. ప్రేమ తక్కువై ఉంటే వాడి కాలు దక్కేదేమో. ఆ ఆలోచన గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

ముక్కుకి మందు ఇచ్చారు. ఆ సూక్ష్మజీవి పోయినా మళ్లీ రావచ్చన్నారు. ఆవిణ్ణి బట్టల గదికి మార్చారు. దుప్పట్లు మడతపెట్టే పని. జక్కయ్య మళ్లీ ఆవిరి దగ్గరికి వచ్చాడు. ఆవిడ వెళ్లి, "తప్పు నాదిరా జక్కయ్యా" అంది. వాడు నొచ్చుకుని, "ఊరుకోండమ్మా, గేటుకాడ నాలుగు రోజులు గాలన్నా తగిలింది" అన్నాడు. వాడలా తేలిగ్గా వదిలేయడం ఆవిడకి చెంపదెబ్బకంటే ఎక్కువ తగిలింది.

ఎండలు మళ్లీ ముదురుతుండగా అలీకి చలిజ్వరం పట్టుకుంది. చీము మోకాల్లోకి ఎక్కింది. తొడ దగ్గర కాలు తీసేస్తేగాని ప్రాణం దక్కదని డాక్టరు చెప్పాడు. ఆ మాట విని అలీ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చచ్చిపోతానుగాని కాలు ఇవ్వనన్నాడు. ఒక పగలంతా బతిమాలి, ఆమినాబీ బట్టల గదికి పరిగెత్తుకొచ్చింది.

"ఇక్కడ దాక్కున్నారా సిస్టరమ్మా! ఎట్టాగో ఒప్పుకున్నాడు వాడు. మీరొచ్చి మొదట చేసినట్టే దువా చేస్తే కాలు తియ్యనిస్తానన్నాడు. రండి, మనసు మారకముందే రండి."

సంపూర్ణమ్మ చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని నిలబడింది. చెప్పకుండా ఆ మంచం దగ్గరికి వెళ్లడం ఆవిడ వల్ల కాలేదు. చెప్పింది. ముక్కూ, ప్రార్థనా, ప్లేటూ, ఏదీ దాచకుండా మొత్తం చెప్పింది. "నా నోటి నుంచే వచ్చిందమ్మా నీ బిడ్డకి" అని ఆపింది.

ఆమినాబీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో రక్తం లేదు.

"ఆ రోజు నేను తీసుకుపోతానంటే మీరే గదక్కా ఆపారు" అంది మెల్లిగా.

తిడుతుందని చూసింది సంపూర్ణమ్మ. తిడితే బాగుండుననుకుంది. ఆ తిట్టు పట్టుకుని ఏడ్చేది. ఆమినాబీ తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, దగ్గరికొచ్చి, ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వాడికి చెప్పొద్దు. మీ మీద ఉన్న నమ్మకం పట్టుకునే బతికున్నాడు వాడు. అదీ పోతే వాడు నాకు మిగలడు. వచ్చి దువా చెయ్యండి."

మర్నాడు పొద్దున వార్డులో, స్ట్రెచరు మీదికి ఎక్కించబోయే ముందు, సంపూర్ణమ్మ అలీ కాళ్ల వైపు దూరంగా నిలబడింది. ముక్కూ నోరూ కప్పుతూ రెండు మాస్కులు కట్టుకుంది. ఇన్నేళ్లలో ప్రార్థనకి మాటలు వెతుక్కోవలసిన అవసరం ఆవిడకి ఎప్పుడూ రాలేదు. ఇవాళ ఒక్క మాటా దొరకలేదు. "ప్రభువా, ఈ బిడ్డని..." అంది. మళ్లీ అదే అంది.

అలీ కళ్లు తెరిచాడు. సగం మనిషైపోయాడు వాడు. "వినపట్టల్లా సిస్టరమ్మా. ఇట్టా దగ్గరికి రండి. ఆ గుడ్డ దించి చెప్పండి, ఆ రోజు చెప్పినట్టు."

సంపూర్ణమ్మ కదల్లేదు. మంచం అవతల ఆమినాబీ ఆవిడ కళ్లలోకే చూస్తోంది.

"జలుబు చేసింది నాయనా" అంది సంపూర్ణమ్మ. "నీకు అంటుకుంటది."

ఆ గొంతు వణుకు విని అలీ నిజమే అనుకున్నాడు. "అయ్యో, అట్టాగా" అన్నాడు. తర్వాత తల్లి వైపు తిరిగి, "అమ్మీ, సిస్టరమ్మకి మిరియాలపాలు కాచియ్యి. గొంతు చూడు ఎట్టా పోయిందో" అన్నాడు.

"అట్టాగే బేటా" అంది ఆమినాబీ.

సంపూర్ణమ్మ అక్కడి నుంచే ప్రార్థన ముగించింది. ఏం చెప్పిందో ఆవిడకే తెలియదు. వాడు మాత్రం కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నాడు, విన్నాక పిడికిళ్లు వదిలాడు. లోపలికి తీసుకెళ్లారు.

థియేటరు బయట బెంచీకి ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ కూర్చున్నారు. లోపలి నుంచి వచ్చే ఒక్కో చప్పుడూ ఏమిటో సంపూర్ణమ్మకి తెలుసు. రంపం చప్పుడు మొదలైనప్పుడు చెవులు మూసుకోవాలనిపించింది. మూసుకునే హక్కు తనకి లేదనుకుని విన్నది.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చి, ప్రాణానికి భయం లేదన్నాడు. ఆమినాబీ నేల మీద కూలబడి ఏడ్చింది. సంపూర్ణమ్మ లేవదీయబోయి, మధ్యలోనే చేతులు వెనక్కి తీసుకుంది. ఏడుపయ్యాక ఆమినాబీ తనే లేచి, కొంగు సవరించుకుని, రోగుల తాలూకు వాళ్లు వండుకునే షెడ్డు వైపు వెళ్లింది.

కొడుక్కి మాటిచ్చింది కాబట్టి మిరియాలపాలు కాచి తెచ్చింది. మొహం చూడకుండా, ఒక్క మాటా అనకుండా గ్లాసు బెంచీ మీద పెట్టి అవతలికి జరిగి నిలబడింది. సంపూర్ణమ్మ మాస్కులు రెండూ విప్పి, చివరి బొట్టు దాకా తాగింది.